నాండ్ గేట్లతో ఒక సెకను: నా అనుభవం

సెకనుకొకసారి ఎల్‌ఈడీని వెలిగించే ఆసిలేటర్‌ను 555 టైమర్ అనే ఐసీ (చిప్పు)తో ఇదివరకే చేశాను. అదే పని లాజిక్ గేట్లు ఎలా చేస్తాయో స్వయంగా చూడాలనిపించి, ఒక శనివారం విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సీడీ4011 ఐసీ కొన్నాను. అందులో నాలుగు నాండ్ గేట్లుంటాయి. రెండు ఇన్‌పుట్లూ హై (ప్లస్ వోల్టేజి దగ్గర) అయితేనే నాండ్ గేటు అవుట్‌పుట్ లో (మైనస్ దగ్గర) అవుతుంది, లేకపోతే హైలో ఉంటుంది. "కెపాసిటర్ ఎలక్ట్రోలిటిక్ ఇమ్మంటారా, ఫిల్ముది ఇమ్మంటారా అండీ?" అని దుకాణదారు అడిగారు. ఈ సర్క్యూట్‌లో కెపాసిటర్ మీది వోల్టేజి ప్రతి ఆవర్తనంలోనూ దిశ మారుతుంది కనుక ధ్రువాలు లేని ఫిల్మ్ కెపాసిటరే తీసుకున్నాను.

మొదటి గేటు అవుట్‌పుట్ అయిన 3వ పిన్నును, కలిపి ఉంచిన 5, 6 పిన్నులకు ఇచ్చాను. 3 నుంచి 470 కిలోఓమ్‌ల రెసిస్టర్, రెండో గేటు అవుట్‌పుట్ అయిన 4 నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వచ్చి ఒకచోట కలుస్తాయి. ఆ కూడలి నుంచి 4.7 మెగాఓమ్‌ల రెసిస్టర్ 1వ పిన్నుకు వెళుతుంది. కూడలి వోల్టేజి బ్యాటరీ 9 వోల్టులలో దాదాపు సగాన్ని దాటిన ప్రతిసారీ రెండు గేట్లూ స్థితి మార్చుకుంటాయి. ఆవర్తన కాలం రెసిస్టర్, కెపాసిటర్ విలువల లబ్ధానికి సుమారు 2.2 రెట్లు, అంటే ఇక్కడ సెకనుకు కాస్త ఎక్కువ. ఎల్‌ఈడీ భారం ఈ లెక్కను చెదరగొట్టకుండా 4వ పిన్నుకూ ఎల్‌ఈడీకీ మధ్యలో మూడో గేటును పెట్టి, దాని 10వ పిన్నుకు 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో ఎల్‌ఈడీని కలిపాను.

బ్యాటరీ పెట్టగానే ఎల్‌ఈడీ నాలుగుసార్లు మినుకుమని ఆగిపోయింది. వైరు సర్దుదామని చెయ్యి దగ్గరకు తీసుకెళితే మళ్ళీ మొదలైంది. చెయ్యి తీస్తే ఆగింది. సముద్రపు గాలికి బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలను గుచ్చే బోర్డు) లోపలి స్ప్రింగులు తుప్పు పట్టాయేమోనని గంటసేపు వరుసలు మార్చి చూశాను, ఫలితం లేదు. చివరికి పిన్నులను ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకుంటూ పోతే, మొదటి గేటు రెండో ఇన్‌పుట్ అయిన 2వ పిన్ను దేనికీ కలపలేదని తేలింది. ఈ ఐసీ సీమాస్ రకానిది; సీమాస్ ఇన్‌పుట్ దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి, గాలిలో వదిలేస్తే ఇంటి వైరింగ్ నుంచి మన చేతికి సోకే 50 హెర్ట్‌జ్ వోల్టేజి కూడా దాన్ని అటూ ఇటూ ఊపగలదు.

దాన్ని బ్యాటరీ ప్లస్‌కు కలపగానే మినుకు స్థిరపడింది, మైనస్‌కు కలిపితే పూర్తిగా ఆగింది. నాకు అన్నింటికన్నా ఎక్కువ సంతోషం కలిగించింది ఇదే: నేను మరచిపోయిన పిన్నే ఆసిలేటర్‌కు స్విచ్చి. అక్కడ ప్లస్ వైపు ఒక పుష్ బటన్, మైనస్ వైపు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. అయితే ఆగినప్పుడు 10వ పిన్ను హైలో ఉండి ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉండిపోయింది; ఎల్‌ఈడీ రెండో కొసను మైనస్ నుంచి ప్లస్‌కు మార్చి, కాళ్ళు తిప్పి పెట్టాక ఆరింది. వాడని నాలుగో గేటు 12, 13 పిన్నులను కూడా మైనస్‌కు కలిపాను.

ఫోన్ స్టాప్‌వాచ్‌తో 60 మినుకులు లెక్కిస్తే 66 సెకన్లు పట్టింది. సూత్రం ప్రకారం 62 రావాలి. కెపాసిటర్ విలువలోని తేడాకు ఇది సహజమే. వచ్చే ఆదివారం దీన్ని జీరో బోర్డు (రంధ్రాలున్న సోల్డరింగ్ బోర్డు) మీద సోల్డర్ చేస్తాను, ఐసీకి మాత్రం సాకెట్ పెట్టి.