హరప్పాలోనే ఆగిపోయాను

ఫ్రెండ్స్, ముందే చెప్పేస్తున్నా, నాకు గ్రూప్-2 పోస్ట్ రాలేదు. ర్యాంకర్ల అనుభవాలు మీకు బోలెడన్ని దొరుకుతాయి. చదువు పేరు చెప్పి నేను దాచుకున్న భయం గురించి రాద్దామనిపించింది, అంతే.

2022 డిసెంబర్ ఆఖర్లో 783 పోస్టులతో తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చేటప్పటికి నేను అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని ఉన్నాను. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి సీటు పట్టుకుంటే మళ్లీ రాత్రికే లేవడం. "పన్నెండు గంటలు చదువుతున్నా నాన్నా" అని ఇంటికి చెప్పేవాణ్ణి. అది అబద్ధమేం కాదు. కానీ ఏం చదివేవాణ్ణంటే, సింధు నాగరికత. పరీక్ష తేదీ 2023 ఆగస్టు నుంచి నవంబర్‌కు, అక్కణ్నుంచి 2024 జనవరికి, ఆగస్టుకు, చివరికి డిసెంబర్ 15, 16కు మారింది. మారిన ప్రతిసారీ కొత్త టైమ్‌టేబుల్, కొత్త మెటీరియల్, మళ్లీ హరప్పా. పేపర్-3 ఎకానమీ పుస్తకం మాత్రం కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"అన్నా, హరప్పా తవ్వకాలల్ల నౌకరి జేస్తున్నవా ఏంది?" అన్నాడు మా రూమ్మేట్ ఒకరోజు. నాకు కోపం వచ్చింది, రెండ్రోజులు మాట్లాడలేదు.

మాక్ టెస్టులు రాయమంటే "సిలబస్ అయ్యాక రాస్తా" అనేవాణ్ణి. 2024 ఆగస్టు పరీక్ష కూడా వాయిదా పడ్డాక వాడే ఒక పేపర్-4 తెచ్చి ముందు పెట్టాడు. తెలంగాణ ఉద్యమం, నాకు ఇష్టమైన పేపర్. 150కి 61 వచ్చాయి. కుమార్ లలిత్, భార్గవ, వాంఛూ కమిటీలు, మూడూ 1969 నాటివే. తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చినవి మొదటి రెండూ, ముల్కీల, అంటే స్థానికుల, ఉద్యోగాల రక్షణకు రాజ్యాంగపరంగా దారి ఉందా అని చూసింది మూడోది. ఎన్నోసార్లు చదివాను, అండర్‌లైన్ మీద అండర్‌లైన్ కొట్టాను. మూడూ తారుమారు చేశాను. పైగా ఇరవై ప్రశ్నలు ఖాళీగా వదిలేశాను. ఏపీ గ్రూప్-2లో అయితే తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది, వదిలేశానంటే అర్థముంది. మన పరీక్షలో నెగెటివ్ మార్కులే లేవు. తప్పు పెట్టడమంటేనే నాకు భయం, అదీ సంగతి.

తెలిసిన పేజీ మళ్లీ చదువుతుంటే హాయిగా ఉంటుంది. తెలియనిది ముందు పెట్టుకుంటే కడుపులో తిప్పుతుంది. నేను రెండేళ్లు ఆ హాయి కోసం కూర్చున్నాను.

ఆ తర్వాత చేసినవి పెద్ద విద్యలేం కావు. చాప్టర్ తెరవడానికి ముందే దాని మీద ఇరవై బిట్లు రాసేవాణ్ణి, దాదాపు అన్నీ తప్పే. తప్పయినవి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో, "ఎందుకు తప్పయింది" అన్న ఒక్క ముక్కతో రాసుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి తెలిసిందేంటంటే, తెలియక పోయినవాటికంటే ప్రశ్నలో "కానిది ఏది" అని ఉన్నది చూడకుండా జవాబు పెట్టి పోగొట్టుకున్నవే ఎక్కువ. ఫోన్ విషయంలో మాత్రం నన్ను ఆదర్శంగా తీసుకోకండి. యాప్‌లు తీసేశాను, వారంలో మళ్లీ వేశాను. చివరికి లైబ్రరీకి వెళ్లేటప్పుడు రూమ్‌లోనే వదిలేసి పోవడం ఒక్కటే పనిచేసింది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మధ్యాహ్నం నిద్ర. పేపర్లు పొద్దున 10 నుంచి 12:30, మధ్యాహ్నం 3 నుంచి 5:30. నేనేమో రెండేళ్లుగా అన్నం తినగానే బల్ల మీద తలవాల్చడం అలవాటు చేసుకున్నాను. సరిగ్గా పరీక్ష టైమ్‌కే! అందుకని ప్రతి ఆదివారం ఆ వేళలకే రెండు పేపర్లు రాశాను. మధ్యాహ్నం పెరుగన్నం కొద్దిగా తిని రెండున్నరకల్లా కుర్చీలో ఉండేవాణ్ణి, గేటు కూడా అప్పుడే మూస్తారు కాబట్టి. మొదటి మూడు ఆదివారాలు నూరో ప్రశ్న దగ్గర కళ్లు మూతలు పడ్డాయి. నాలుగోసారి పడలేదు.

బబ్లింగ్, అంటే ఓఎంఆర్ జవాబు పత్రంలో గుండ్రాలు దిద్దడం, కూడా అంతే. 150 నిమిషాల్లో 150 ప్రశ్నలు, దిద్దడం అందులోనే. అన్నీ చివర్లో దిద్దే అలవాటు వల్ల చెయ్యి వణికేది, ఒకసారి ఒక వరుస జరిగి పదమూడు తప్పయ్యాయి. ఖాళీ ఓఎంఆర్ షీట్లు జిరాక్స్ తీయించుకుని, పది ప్రశ్నలకోసారి ఆగి దిద్దడం నేర్చుకున్నాను.

డిసెంబర్ 15 పొద్దున సెంటర్ గేటు దగ్గర కడుపులో అదే తిప్పుడు. పోలేదు, నాతోపాటే లోపలికి వచ్చింది. పేపర్-1లో మొదటి పది బబుల్స్ దిద్దేటప్పుడు చెయ్యి వణికింది కూడా. మర్నాడు సాయంత్రం పేపర్-4లో 5:20కి చివరి బబుల్ దిద్ది పెన్ను క్యాప్ పెట్టాను. ఒక్కటీ ఖాళీ వదల్లేదు.

మార్కులు చాలలేదు, ముఖ్యంగా పేపర్-3లో. ఇప్పుడు ఆ పుస్తకమే ముందు తెరిచాను, హరప్పా జోలికి ఇంకా వెళ్లలేదు.