మా జున్ను దురదకి కారణం వెతికిన తీరు

మా లాబ్రడార్ జున్నుకి రెండో ఏట దురద పట్టుకుంది. కావలిలో వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో మరీ ఎక్కువ. రాత్రంతా పాదాలు నాకుతూనే ఉండేది. వేళ్ల సందుల్లో తెల్ల బొచ్చు ఉమ్మికి తుప్పు రంగు తిరిగింది. ఇంజక్షన్ వేయిస్తే కొన్నాళ్లు హాయి, మళ్లీ అదే గోకుడు. అది స్టెరాయిడ్ అనీ, దురదని ఆపుతుందే గానీ కారణం అలాగే ఉంటుందనీ నెల్లూరులో డాక్టరుగారు చెప్పారు. "ఒక్కొక్క కారణం కొట్టేసుకుంటూ పోవాలమ్మా, ఓపిక పట్టాలి" అన్నారు.

ముందు ఫ్లీలు, అంటే బొచ్చులో గెంతే సన్న పురుగులు. తోక మొదట్లో దువ్వి, రాలిన నల్ల నలకల్ని తడి దూది మీద వేశారు. నలక చుట్టూ ఎర్రగా దిగింది. పురుగు తాగి విసర్జించిన రక్తం అది! ఫ్లీ ఉమ్మి పడని కుక్కకి నాలుగు కాట్లు చాలు. నెలనెలా మాత్ర మొదలుపెట్టాం. గుడ్లు ఇంట్లోనే రాలతాయి కాబట్టి దాని పక్క వేడినీళ్లలో ఉతికాం, మూలమూలా ఊడ్చాం.

చర్మానికి టేపు అంటించి మైక్రోస్కోపులో చూస్తే ఈస్ట్ అనే ఫంగస్, బాక్టీరియా రెండూ ఉన్నాయి. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ రాశారు. పట్టించి 10 నిమిషాలు ఆగాలి, వెంటనే కడిగేస్తే మందు పని చేయదు.

దురద తగ్గింది, పోలేదు. ఇక తిండి. తిండి ఎలర్జీ రక్తపరీక్షలో నమ్మకంగా తేలదు. ఎప్పుడూ తినని తిండి ఒక్కటే 8 వారాలు పెట్టి చూడాల్సిందే. చికెన్, గుడ్డు, పెరుగన్నం అన్నీ తిన్నదే. ముళ్ల భయంతో చేప మాత్రం పెట్టలేదు. అందుకే కొరమీను ఉడికించి, ముళ్లు ఏరి, చిలగడదుంపతో కలిపి, ఉప్పూ నూనె లేకుండా పెట్టాం. వంట కష్టం కాదు, పక్కింటి పిన్నిగారు గోడ మీంచి వేసే బిస్కెట్లు ఆపడమే కష్టం.

"పిన్నీ, ఒక్క ముక్క తిన్నా మళ్లీ మొదటికొస్తాం."

"నోరులేని జీవి, అట్టా చూస్తా ఉంటే ఎట్టమ్మా?"

చివరికి ఆవిడే చిలగడదుంపలు ఉడికించి తెచ్చిపెట్టారు.

తిండి మార్చినా తేడా రాలేదు. అన్నీ పోగా మిగిలింది అటోపీ. ఇంటి దుమ్ములోని పురుగులు, బూజు, పుప్పొడి లాంటివి పడకపోవడం. ఇది అదుపులో పెట్టుకోవాల్సిన జబ్బే గానీ, పూర్తిగా పోయేది కాదు. ఇప్పుడు దురద తగ్గించే ఓక్లాసిటినిబ్ మాత్ర వాడుతున్నాం. మొదట్లో రోజుకి రెండు పూటలా, తర్వాత ఒక పూట. ఏయే వాటికి ఎలర్జీయో పరీక్ష చేసి, దానికి తగ్గ టీకాలు వేసే పద్ధతీ ఉంది. గుణం తెలియడానికి ఏడాది దాకా పట్టొచ్చట. ఈ వానలు దాటాక అది మొదలుపెడదామన్నారు.