పాత ప్రశ్నపత్రాలతో మెడిసిన్ చివరి పరీక్షలకు చదివిన తీరు

మెడిసిన్ చివరి సంవత్సరంలో నేను పాత ప్రశ్నపత్రాలను చదువంతా ముగిశాక చూసుకుందామని పక్కన పెట్టలేదు. ఒక అధ్యాయం మొదటిసారి చదివిన కొద్ది రోజులకే, పుస్తకం మూసి, దానికి సంబంధించిన పాత ప్రశ్నలకు జవాబులు రాసేవాడిని. విద్యాసంస్థ స్వయంగా విడుదల చేసిన పత్రాలనే వాడాను. పరీక్ష రాసి వచ్చినవారు గుర్తుచేసుకుని చెప్పే ప్రశ్నలను పంచుకోవడం చాలా పరీక్షల్లో నిబంధనలకు విరుద్ధం. పైగా వాటిలో రోగి వివరాలు సగమే ఉంటాయి.

ఈ పద్ధతి మీద నాకు నమ్మకం కలిగించింది మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన పరిశోధన. పాఠాన్ని మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నా, వారం గడిచాక చూస్తే, చదివినదాన్ని గుర్తుచేసుకుని రాసినవారికే ఎక్కువ జ్ఞాపకం ఉంది.

అయితే జవాబుల కీ చూసి మార్కులు లెక్కపెట్టుకుంటే ఈ మేలు దక్కదు. రక్తంలో పొటాషియం బాగా పెరిగి, ఈసీజీలో టి తరంగాలు మొనదేలిన రోగికి మొదట ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్ననే తీసుకుందాం. జవాబు కాల్షియం గ్లూకోనేట్ అని గుర్తుంచుకోవడానికి క్షణం చాలు. కానీ అది పొటాషియాన్ని ఏమాత్రం తగ్గించదు, గుండె కండరాన్ని మాత్రమే కాసేపు కాపాడుతుంది. గ్లూకోజుతో కలిపి ఇచ్చే ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. దాన్ని ఒంట్లోంచి పూర్తిగా బయటికి పంపాలంటే మూత్రం ద్వారానో, మలం ద్వారానో, డయాలసిస్ ద్వారానో పోవాలి. అందుకే ప్రతి తప్పు ఆప్షన్ పక్కనా, ప్రశ్నను ఎలా మారిస్తే అదే సరైన జవాబు అవుతుందో రాసుకునేవాడిని. దీనికి చాలా సమయం పట్టేది, కొన్ని సాయంత్రాలు పది ప్రశ్నలు కూడా దాటేవి కావు, అయినా నా చదువులో అత్యంత విలువైన భాగం అదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

పాత కీలను గుడ్డిగా నమ్మకూడదు. గుండె ఆగిన పెద్దలకు ముందు శ్వాసమార్గం చూడాలన్న క్రమాన్ని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో మార్చి, ఛాతీ నొక్కడాన్ని మొదటికి తెచ్చింది. గుండె విద్యుత్ చలనం పూర్తిగా నిలిచిపోయిన స్థితిలో, గుండె వేగాన్ని పెంచే అట్రోపిన్ మందును అలవాటుగా ఇవ్వడాన్నీ అప్పుడే తొలగించింది. అంతకు ముందటి పత్రంలో సరైనదిగా ఉన్న జవాబు నేడు రోగికి హాని చేయగలదు. కాబట్టి చికిత్సకు సంబంధించిన ప్రతి జవాబునూ తాజా మార్గదర్శకాలతో సరిచూసుకున్నాను.

ఏ అంశం ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూశాను కానీ, ఏది ముందు చదవాలో తేల్చుకోవడానికే. అరుదుగా వచ్చినవాటిని వదిలేయలేదు. పరీక్షలయ్యాక ఆ పత్రాలను జూనియర్లకు ఇచ్చేటప్పుడు, మారిన జవాబుల పక్కన మారిన సంవత్సరం రాసి, కీలను విడిగా కుట్టి ఇచ్చాను.