శుభలేఖలో నాన్న పేరు కింద

చెల్లి పెళ్ళి శుభలేఖ ప్రూఫు చూడడానికి నాన్న, నేను శ్రీకాకుళంలోని ప్రెస్సుకు వెళ్ళాం. వియ్యంకుడి పేరు కింద 'రిటైర్డ్ హెడ్మాస్టర్' అని ఉంది. నాన్న పేరు కింద ఖాళీ. ఏం వేయమంటారని కంపోజింగు కుర్రవాడు అడిగితే, ముప్ఫై ఏళ్ళకు పైగా రెవెన్యూ శాఖలో పనిచేసిన మనిషి వెంటనే జవాబు చెప్పలేకపోయారు.

1985లో తాలూకాలు పోయి మండలాలు ఏర్పడిన కొత్తలో ఆయన అటెండరుగా చేరారు. పదవీ విరమణ ఉత్తర్వులో మాత్రం 'ఆఫీస్ సబార్డినేట్' అని ఉంది. అటెండరు అంటే చిన్నచూపుగా ఉందని ఎవరో పెద్దమనసుతోనే పేరు మార్పించి ఉంటారు. అయితే ఆ కొత్త పేరు నాన్నకు ఏనాడూ రుచించలేదు. "అటెండరంటే పని చూసేవాడు, సబార్డినేటంటే ఒకరి కిందివాడు. ఇందులో ఏది గౌరవమో నువ్వే చెప్పు" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఇదే కొలువును ఒకప్పుడు బిళ్ళ బంట్రోతు అనేవారు. భుజం మీదుగా వేసుకున్న పట్టీకి ఇత్తడి బిళ్ళ ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. తర్వాత ప్యూను అన్నారు, ఆ తర్వాత అటెండరు అన్నారు. పేరు ఇన్నిసార్లు మారినా, తపాలు పంచడం, బీరువాల తాళాలు చూసుకోవడం, వరండాలో నిలబడి అర్జీదారులను పేరుపేరునా పిలవడం, ఏ ఊరి పాత అడంగలు, అంటే పొలాల, పంటల లెక్కల పుస్తకం, ఏ కట్టలో ఉందో గుమాస్తాలకంటే ముందే చెప్పగలగడం మాత్రం నాన్న పనిగానే ఉండిపోయాయి. ఈ చివరిదానికి ఏ హోదాలోనూ మాట లేదు.

పై అధికారులకూ ఈ బాధ తప్పలేదు. మండలాలతోపాటు ఎమ్మార్వో వచ్చాడు, కొన్నేళ్ళకు బోర్డు మీద మళ్ళీ తహసీల్దారు అయ్యాడు, మా వైపు జనం మాత్రం ఇంకా ఎమ్మార్వో ఆఫీసుకే వెళ్తున్నారు. కరణాల వ్యవస్థ 1984 జనవరిలో రద్దయినా మా ఊళ్ళో కరణం గారి ఇల్లు ఇప్పటికీ కరణం గారి ఇల్లే. ఇక విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నాకు ఆరేళ్ళలో మూడు హోదాలు మారాయి, అందులో ఒకసారి జీతం పెరగనే లేదు. పెళ్ళిచూపుల్లో అమ్మ వాటిలో ఒక్కదాన్నీ సరిగ్గా చెప్పలేక "కంప్యూటర్ల మీద పని" అని తేల్చేసింది. నిజం చెప్పాలంటే అదే సరైన వివరణ.

చివరకు 'విశ్రాంత ఉద్యోగి, రెవెన్యూ శాఖ' అని వేయించాం. అది నా సలహాయే. అబద్ధం లేదు, నొప్పీ లేదు అనుకున్నాను.

నరసన్నపేట దగ్గర మా పాత ఊళ్ళో శుభలేఖలు పంచుతున్నప్పుడు, నాన్న చేత ఎన్నోసార్లు అర్జీ రాయించుకున్న ఒక ముసలాయన కార్డును మనవడి చేత చదివించుకుని, "ఏటి బాబూ, అటెండరు గారని ఎయ్యలేదేటి? మరెవులో అనుకుంటారు కదా" అన్నాడు. నాన్న నా వైపు చూసి, జేబులోంచి పెన్ను తీసి, ఆ ఒక్క కార్డు మీద తన పేరు పక్కన ఆ మాట రాసి ఇచ్చారు.