సీటు కింద ఆంప్లిఫయర్

మొన్న రాయగడ నుంచి కోరాపుట్ వెళ్తుంటే ఘాట్ మలుపులో ముందు సీటు కింద దబ్బున చప్పుడైంది. పాట ఆగిపోయింది. కారు పక్కకు ఆపి చూస్తే, పాటల శబ్దం పెంచే ఆంప్లిఫయర్ పెట్టె జారి, సీటు జరిగే ఇనుప పట్టాలో ఇరుక్కుంది. కరెంటు తీగ పైతొడుగు ఒరుసుకుపోయి లోపలి రాగి మెరుస్తోంది. అది పట్టాకు తగిలి నిప్పు రేగి ఉంటే? వెనక సీట్లో మా అమ్మ, పిల్లలు. తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కార్పెట్ మీద టేపుతో అంటించి వదిలేయడం నా తప్పే.

ఆదివారం మా బావమరిదిని పిలిచాను. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాం. సీటు కింద పసుపు కనెక్టరు ఎయిర్‌బ్యాగుది, దాని జోలికి పోలేదు. “నేలలోకి స్క్రూలు దించేద్దాం బావా” అన్నాడు. వద్దన్నాను. కింద బ్రేకు, పెట్రోలు గొట్టాలు వెళ్తుంటాయి, ఒక్కటి చిల్లుపడితే చాలు. ఆంప్లిఫయర్‌ను ప్లైవుడ్ ముక్కకు బిగించి, ఆ ముక్కను ఇనుప పట్టీలతో నేలలో ముందే ఉన్న మర రంధ్రాలకు బోల్టు చేశాం. సీటు బోల్టులను కదపలేదు. వేడి పోవడానికి చుట్టూ రెండు వేళ్ల ఖాళీ ఉంచాం. ఎర్తు తీగ కోసం రంగు పూర్తిగా గీకి, మెరిసే లోహానికే బిగించాం. కొత్త తీగకు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు పెట్టాం. ఇంతకుముందు అదీ లేదు!

చివరగా సీటును ముందుకూ వెనక్కూ పదిసార్లు జరిపాను. ఒక్క తీగ కూడా బిగుసుకోలేదు. అప్పుడే అమ్మను కారెక్కమన్నాను.