సున్నా ఎర్రర్లు వచ్చాక

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి వెబ్‌సైట్ చేసిచ్చాను. వెబ్‌పేజీ కోడ్‌లో తప్పులు పట్టే డబ్ల్యూ త్రీ సీ వ్యాలిడేటర్‌లో పెడితే మొదటిసారి 31 ఎర్రర్లు వచ్చాయి. సగానికి పైగా ఒకటే ఫిర్యాదు, బొమ్మలకు ఆల్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, లేదని. రాత్రి కూర్చుని ప్రతి బొమ్మకూ ఆల్ట్‌లో 'ఇమేజ్' అని నింపేశాను. మిగతావీ సరిచేశాక ఎర్రర్లు సున్నా. పని అయిపోయిందనే నమ్మాను.

మా వీధిలో ఒక సంగీతం మాస్టారు ఉన్నారు. ఆయనకు చూపు లేదు. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో తన పనులన్నీ తనే చేసుకుంటారు. చెల్లెలి కుటుంబం దర్శనానికి వస్తోంది, రూమ్ కావాలన్నారు. నేను చేసిన సైట్ చూపించి పక్కనే కూర్చున్నాను.

పేజీ తెరవగానే "గ్రాఫిక్ ఇమేజ్, గ్రాఫిక్ ఇమేజ్" అని చదవడం మొదలుపెట్టింది. గదుల ఫోటోలకే కాదు, అందానికి పెట్టిన మామిడి తోరణాలకూ అదే మాట. "ఏం బొమ్మలు నాయనా ఇవి, ఇన్ని ఉన్నాయి?" అన్నారు మాస్టారు. తోరణాలకు ఆల్ట్ ఖాళీగా వదిలి ఉంటే స్క్రీన్ రీడర్ వాటిని దాటేసేది. వ్యాలిడేటర్ ఆల్ట్ ఉందా లేదా అనే చూస్తుంది. అందులో రాసింది ఎవరికైనా పనికొస్తుందా అన్నది దానికి తెలియదు.

ఫారం దగ్గర ఇంకా కష్టమైంది. 'పేరు', 'ఫోన్' అని పక్కన రాశానే గానీ, ఏ పెట్టెకు ఏ పేరో చెప్పే లేబుల్‌తో కోడ్‌లో పెట్టెలకు కలపలేదు. తర్వాతి పెట్టెకు వెళ్ళడానికి ట్యాబ్ కీ నొక్కిన ప్రతిసారీ "ఎడిట్, బ్లాంక్" అనే వినిపించింది. ఆయన ఫోన్ నంబరును పేరు పెట్టెలో కొట్టారు. తేదీ క్యాలెండర్ మీద కర్సర్ ఆగనే లేదు. 'బుక్ చేయండి' కూడా అంతే. అది అసలు బటన్ కాదు, మౌస్ క్లిక్‌కు పనిచేసేలా నేను రాసిన డివ్, అంటే కోడ్‌లో ఒక మామూలు డబ్బా. చూసేవాళ్ళకు బటన్, ట్యాబ్‌కు అక్కడ ఏమీ లేదు. ఇరవై నిమిషాల తర్వాత ఆయన ల్యాప్‌టాప్ మూసి, "నువ్వే చెయ్యి నాయనా" అన్నారు. తన పని తను చేసుకునే మనిషి చేత ఆ మాట అనిపించానే అని చాలా బాధపడ్డాను.

లాడ్జి ఓనర్‌కు చెబితే, "అట్లాంటోళ్ళు ఎంతమంది వస్తారబ్బా?" అన్నాడు. "కొండ మీద వృద్ధులకూ దివ్యాంగులకూ వేరే దర్శనం పెట్టారు కదన్నా, వాళ్ళంతా బస చేసేది కింద మన ఊళ్ళోనే" అన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

వారం పట్టింది. ఫోటోలకు 'రెండు మంచాల గది, మెట్లు లేకుండా వెళ్ళొచ్చు' లాంటి వివరాలు రాశాను. క్యాలెండర్ పక్కన తేదీ టైప్ చేసే పెట్టె పెట్టాను. డివ్ తీసేసి నిజమైన బటన్ పెట్టాను. రేట్లు లేత బూడిద రంగులో ఉండేవి. వెబ్‌సైట్లు దివ్యాంగులకూ అందేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ నియమాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకూ వెనక రంగుకూ తేడా, కనీసం 4.5:1 ఉండాలి కాబట్టి వాటిని ముదురు చేశాను.

వ్యాలిడేటర్ దండగని మాత్రం అనను. రెండో అతిథి వివరాలకు ఫారం కాపీ చేసినప్పుడు ఐడీలు, అంటే కోడ్‌లో ఒక్కో పెట్టెకు ఉండే గుర్తులు, కూడా అవే వచ్చాయి. రెండో లేబుల్ వెళ్ళి మొదటి పెట్టెకే అతుక్కుంది. ఆ తప్పు పట్టిచ్చింది వ్యాలిడేటరే. ఇప్పుడు ముందు దాన్ని నడుపుతాను, తర్వాత మౌస్ పక్కన పెట్టి, స్క్రీన్ ఆపేసి, ఎన్‌వీడీఏతో నేనే ఒక రూమ్ బుక్ చేసి చూస్తాను.

మాస్టారు మళ్ళీ ప్రయత్నించారు. పేరు, ఫోన్, తేదీ అన్నీ ఆయనే కొట్టారు. "బుకింగ్ నమోదైంది" అని వినిపించగానే నా వైపు తిరిగి నవ్వారు. డబ్బు కట్టే పేజీ వేరే కంపెనీది. అక్కడ ఓటీపీ పెట్టెకు ఇంకా లేబుల్ లేదు. వాళ్ళకు రెండుసార్లు మెయిల్ రాశాను, సోమవారం ఫోన్ చేయాలి.