గాజులు చేతికి బిగుసుకుపోయిన రోజు

మా చెల్లికి శ్రీమంతం చేసిన మూడో రోజు పొద్దున గాజులు తీయబోతే రాలేదు. సబ్బు రాసినా రాలేదు, మణికట్టు చుట్టూ ఎర్రటి గీతలు పడిపోయాయి. "ఏడో నెల కదా, నీరు పడుతుందిలే" అంది అమ్మ. ముందు రాత్రి నుంచి తలనొప్పి అంటూనే ఉంది, ఫంక్షన్ అలసట అనుకున్నాం. సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే బీపీ 150/100, యూరిన్‌లో ప్రొటీన్. గర్భిణులకు వచ్చే ఈ బీపీ జబ్బును ప్రీఎక్లాంప్సియా అంటారట.

మా మరిది అడిగిన మొదటి ప్రశ్న, "డి విటమిన్ తక్కువ ఉండటం వల్లేనా?" నాలుగో నెల రక్తపరీక్షలో చెల్లికి డి విటమిన్ 11 వచ్చింది, అంటే బాగా తక్కువ, డాక్టరు రాసిన పొడి వారం వారం పాలల్లో కలుపుకుని తాగింది, ఆ పొడి వాడుతున్నాం కాబట్టి ఇక భయం లేదని ఇంట్లో అందరం నిశ్చింతగా ఉన్నాం. శ్రీమంతం నెల చెకప్ కూడా పనుల హడావిడిలో దాటేసింది.

ఆ తర్వాత కూర్చుని చదివాను. 2007లో పిట్స్‌బర్గ్‌లో చేసిన ఒక పరిశోధనలో, గర్భం మొదట్లో డి బాగా తక్కువున్న వాళ్లలో ఈ బీపీ జబ్బు వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లు ఎక్కువ కనిపించింది. వినగానే టెన్షన్ వస్తుంది. కానీ డి తక్కువుండటానికీ బీపీ రావడానికీ రెండింటికీ బరువు లాంటి వేరే కారణం ఉండొచ్చు కదా. అందుకే అమెరికాలో 800 మందికి పైగా గర్భిణులకు కొందరికి రోజుకు 4,400 యూనిట్లు, కొందరికి 400 ఇచ్చి చూశారు, 2016లో ఫలితం వచ్చింది: ఈ జబ్బు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగానే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో గర్భిణులందరికీ డి మాత్రలు ఇవ్వాలని చెప్పలేదు. లోపం ఉంటే వాడాల్సిందే, ఎముకలకు అది కావాలి, కానీ బీపీ రాకుండా అదొక్కటే కాపాడుతుందని కూర్చోకూడదు.

నన్ను బాధపెట్టింది వేరే. మన తిండిలో కాల్షియం తక్కువ, అలాంటి చోట కాల్షియం మాత్రలు ఈ జబ్బు ముప్పును తగ్గిస్తాయని ఆధారాలు బాగానే ఉన్నాయి. అందుకే నాలుగో నెల నుంచి రోజుకు రెండు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు, వాటిలో కొంచెం డి కూడా ఉంటుంది. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, మధ్యలో గ్యాప్ ఉండాలి. మా చెల్లి మాత్రల డబ్బా తెరిస్తే ఐరన్ అయిపోయింది, ఈ సున్నపు ముక్కల్లాంటి పెద్ద మాత్రలు మాత్రం షీట్లకు షీట్లు అలాగే ఉన్నాయి. మింగలేక మానేసిందట. మేమెవరం అడగలేదు. వేసుకుని ఉంటే బీపీ వచ్చేదే కాదని అనను, అసలు సమస్య మొదటి నెలల్లో మాయ అతుక్కునేటప్పుడే మొదలవుతుందంటారు. మొదటి కాన్పు, ఇంట్లో అమ్మకు బీపీ, ఇలాంటివి ఉంటే మూడో నెల చివర్లోనే డాక్టరుతో చెప్పాలి, అవసరమనిపిస్తే తక్కువ మోతాదు ఆస్పిరిన్ అప్పటి నుంచే మొదలుపెడతారు.

36 వారాలకు ఆపరేషన్ చేశారు. పాప బాగుంది. కాన్పయ్యాక కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చని, మనవాళ్లు గుర్రపువాతం అనేది అదేనని నర్సమ్మ చెప్పింది. అందుకే ఇంటికొచ్చాక కూడా రోజూ పొద్దున, రాత్రి నేనే దాని చేతికి బీపీ పట్టీ కట్టి కాగితం మీద రాసిపెట్టాను. తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకేసినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దని అమ్మకు రెండుసార్లు చెప్పి, ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను.